మా కల్లంలో గుర్రం ఉంది, మన బందెల దొడ్డి ఎక్కడ?

మా మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి, పశువైద్యాధికారి గారికి, పోలీస్ స్టేషన్ అధికారి గారికి, మా పంచాయతీ సర్పంచ్ గారికి, కార్యదర్శి గారికి, జంతు హింస నివారణ సంఘం బాధ్యత కూడా మోసే జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

ఈ ఏడు, అంటే 2025 ఆషాఢంలో, ఒక గుర్రం మా చేలోకి వచ్చింది. ఎవరిదో తెలియదు. ఈ ఉత్తరం రాసే వేళకు కూడా మా కల్లంలోనే, చింతచెట్టు కింద కట్టేసి ఉంది. అది ఉండాల్సింది ఊరి బందెల దొడ్డిలో, అంటే చేలో పడిన పశువులను పట్టి ఉంచే చోట. ఈ సంగతి మీలో చాలామందికి విడివిడిగా చెప్పుకున్నాం. విన్నవాళ్లు ముందు "గుర్రమా?" అని నవ్వారు, తర్వాత ఇంకొకరి ఆఫీసు పేరు చెప్పారు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నా. ఊళ్లోవాళ్లు కూడా చదవాలని బహిరంగంగానే రాస్తున్నా.

మాది రాయలసీమలో వానను నమ్ముకున్న పల్లె. ఆ రోజుల్లో వేరుశనగ మొలిచి జానెడు కూడా లేదు. తెల్లవారుజామున మా ఆయన చేనికి పోయేసరికి గుర్రం సాళ్ల మధ్య నిలబడి, మొలకలు పీకి తింటూ ఉంది. తిన్నది కొంచెమే, తొక్కింది ఎక్కువ. గెనెం (గట్టు) మీద పెట్టిన స్ప్రింక్లర్ పైపు ఒకటి దాని కాలి కింద పగిలింది. ముందు కాలికి ముళ్లకంచె గీసుకుపోయిన గాయం, వీపు మీద జీను ఒరుసుకున్న పాత పుండు. మా ఆయన అరిస్తే పారిపోలేదు. మనిషిని చూసి దగ్గరికే వచ్చింది. అడవిలో తిరిగిన జంతువు అట్లా రాదు కదా. దాణా పెట్టే చెయ్యి అలవాటైన గుర్రమని అప్పుడే తెలిసిపోయింది.

దాని రంగు, వయసు, ఆడదా మగదా, ఒంటి మీది గుర్తులు, ఇవేవీ నేను ఈ ఉత్తరంలో రాయను. ఎందుకో చివర్లో చెప్తాను.

మా ఇంట్లో గుర్రం గురించి తెలిసిన మనిషి మా మామ ఒక్కడే. ఆయన పెదనాయన గుంతకల్లు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, ఈయన చిన్నప్పుడు ఆ గుర్రానికి గడ్డి వేసేవాడు. ఆయన చేసిన మొదటి పని, దాన్ని జొన్న బస్తాల దగ్గరికి పోనీకుండా కట్టెయ్యడం. ఆకలితో ఉంది కదా, కాసిన్ని గింజలు పోద్దామని నేను చేట ఎత్తుకుంటే వద్దన్నాడు. గుర్రం ఎనుము (గేదె) లాగా నెమరు వేసే జాతి కాదు. తిన్నది వాంతి చేసుకోలేదు కూడా. కడుపు కాలి ఉన్న గుర్రం ఒక్కసారిగా గింజలు మేస్తే కడుపుశూల పట్టి చచ్చిపోతుంది, బతికినా గిట్టల్లో వాపు వచ్చి కుంటిదవుతుంది. ముందు ఎండుగడ్డి, నీళ్లు. రెండు రోజులు పోయినాక ఉడకేసిన ఉలవలు, అది కూడా పిడికెడుతో మొదలు.

ఆ సాయంత్రం పశువైద్యశాల నుంచి వచ్చిన డాక్టర్ గారు ఇంకా చాలా చెప్పారు. ఆయనకు ఇక్కడే కృతజ్ఞతలు చెప్తున్నా, ఈ వ్యవహారంలో పిలిస్తే వచ్చిన అధికారి ఆయన ఒక్కరే. గాయానికి మందు వేశారు, ధనుర్వాతం రాకుండా సూది వేశారు (ధనుర్వాతానికి గుర్రం చాలా తొందరగా లొంగిపోతుందట). పాడి పశువులకు వాడే దాణా దీనికి పెట్టొద్దని గట్టిగా చెప్పారు. కొన్ని దాణాల్లో మొనెన్సిన్ అనే మందు కలుపుతారు, అది గొడ్లకు పనికొస్తుంది, గుర్రానికి మాత్రం గుండె దెబ్బతిని ప్రాణం పోతుంది. బూజు పట్టిన వేరుశనగ కట్టె కూడా పెట్టకూడదు. గెనెం మీద ఆముదం చెట్లుంటే వాటి గింజలు రాలే చోట కట్టొద్దన్నారు. ఆముదం గింజ విషానికి తట్టుకోలేని జంతువుల్లో గుర్రం ముందు వరసలో ఉంటుందట. మా గెనేల మీద ఉన్నవన్నీ ఆముదాలే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, "పశువే కదా, రెండు రోజులు గడ్డి వేసి ఉంచుకోండి" అని గ్రామ సచివాలయంలో చాలా సులువుగా చెప్పారు. ఎద్దును, ఎనుమును పెంచిన ఇంటికి గుర్రాన్ని సాకడం దానంతట అది రాదు. మాకు మా మామ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఆయన లేని ఇంటికి ఇది పోయి ఉంటే, జాలిపడి చేటెడు జొన్నలు పోసేవాళ్లు, తెల్లారేసరికి అది చచ్చి ఉండేది, నేరం ఆ ఇంటి మీద పడేది.

ఇంకో భయం జబ్బులది. గ్లాండర్స్ అనే రోగం ఉంది. గుర్రాలకు, గాడిదలకు వస్తుంది, ముక్కు నుంచి చీమిడి కారుతుంది, ఒంటి మీద గడ్డలు లేచి పగులుతాయి. మనుషులకూ అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద దీన్ని ప్రభుత్వానికి తప్పకుండా తెలియజేయాలి, రోగం ఖాయమైన గుర్రాన్ని చంపేయాల్సిందే. మన దేశంలో దీని పరీక్షకు పెద్ద దిక్కు హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. డాక్టర్ గారు రక్తం తీసి పంపారు. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఉన్న టెన్షన్ మీకు చెప్పలేను. పిల్లలను కల్లం వైపు పోనివ్వలేదు. దాని బకెట్ వేరు, తాడు వేరు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఎవరూ ఇంట్లోకి రాలేదు. చివరికి రోగం లేదని తేలింది. కానీ సర్రా అనే ఇంకో జ్వరం జోరీగల వల్ల గుర్రాల నుంచి ఎనుములకు కూడా పాకుతుందట. మా ఎనుములను కొట్టంలో పొగ వేసి ఉంచాల్సి వచ్చింది. ఇవన్నీ ఒక ప్రభుత్వ దొడ్డిలో, తెలిసిన మనిషి కనుసన్నలో జరగాల్సిన పనులు. మా వంటింటికి పాతిక అడుగుల దూరంలో జరిగాయి.

ఇప్పుడు ఊరి మాట చెప్తాను. "యాడిదో గుర్రం, మనకెందుకక్కా, రాత్రికి హైవే దాకా తోలేస్తే పోయె" అని సలహా ఇచ్చినవాళ్లు ఒకరిద్దరు కాదు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. ఊళ్లోకి దిక్కులేని కోడెదూడ వచ్చినా అదే చేస్తున్నారు, పక్కూరివాళ్లు మళ్లీ మన వైపు తోలుతున్నారు. కానీ మనకు దగ్గర్లో ఉన్నది 44వ నంబరు జాతీయ రహదారి. రాత్రిపూట లారీ ముందుకు మూడు నాలుగు వందల కిలోల జంతువు అడ్డం వస్తే గుర్రం ఒక్కటే పోదు. బైకు మీద పోయేవాడు గుద్దుకుంటే వాడూ పోతాడు. మా మామ ఒక్కటే మాట అన్నాడు: "తోలినోడికి తెలీదా యాడికి పోతాదో?"

కొనుక్కుంటామని కూడా వచ్చారు. గుర్రపు లాడం గుమ్మానికి కొడితే కలిసొస్తుందని, కాలికి మిగిలిన ఒక్క లాడాన్ని పీక్కుపోదామని ఒకాయన పట్టకారుతోనే వచ్చాడు. (ఇది నవ్వులాటకు రాయడం లేదు, నిజంగానే వచ్చాడు.) అమ్మడానికి అది మాది కాదు. ఉంచుకుందామన్నా మాది కాదు. ఇక్కడే నా అసలు ఫిర్యాదు మొదలవుతుంది.

ఈ గుర్రం మా దగ్గర ఉందని ఏ ఆఫీసులోనూ ఒక్క అక్షరం రాసి లేదు. స్టేషన్‌లో "గుర్రం తప్పిపోయిందని ఎవరైనా కంప్లైంట్ ఇస్తే మీకు చెప్తాం" అన్నారు. మేము దొరికిందని చెప్పడానికి పోతే, పోయిందని చెప్పేవాడు వస్తేనే రాస్తామన్నమాట. సచివాలయంలో పాప చాలా మర్యాదగానే మాట్లాడింది, కానీ ఏ ఖానాలో నమోదు చేయాలో తెలియదంది. పంచాయతీలో పశువైద్యశాఖ అన్నారు. పశువైద్యశాలలో "వైద్యం చేస్తాం, ఉంచుకోవడానికి మాకు జాగా ఎక్కడిది" అన్నారు, అది న్యాయమే. గోశాలకు ఫోన్ చేస్తే ఆవులకు మాత్రమే అన్నారు. పట్నంలో జంతువులను ఆదుకునే ఒక సంస్థవాళ్లు ఉన్న గుర్రాలకే గడ్డి చాలడం లేదని వాపోయారు.

రేపు ఈ గుర్రం ఒక పిల్లవాణ్ని తన్నితే? భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త పడనివాడికి ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. "తన దగ్గరున్న" అనే మాటకు ఈ ఊళ్లో ఇప్పుడు మేమే. రేపు అసలు యజమాని వచ్చి "నా గుర్రాన్ని దొంగిలించి దాచారు" అంటే మా చేతిలో చూపించడానికి ఏముంది? అది ముసలిదై మా కల్లంలోనే చచ్చిపోతే, మందు పెట్టి చంపామని ఎవరైనా అంటే 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. మంచి చేయబోయిన ఇంటికి ఇన్ని సెక్షన్లు వర్తిస్తున్నాయి, దాన్ని వదిలేసిపోయినవాడికి మాత్రం ఏదీ తగలడం లేదు.

తగలాల్సింది లేక కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ చూడండి. ఆకలితోనో దాహంతోనో బాధపడేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం నేరమని అందులో స్పష్టంగా ఉంది. శిక్ష ఎంతో తెలుసా? మొదటి తప్పుకు పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా జరిమానా. ఉలవలు కిలో కొనాలన్నా ఆ యాభై చాలదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. ముహూర్తాలు లేని నెలల్లో దాణా పెట్టడం కంటే వదిలేసి యాభై కట్టడం లాభమని లెక్క వేసుకునేవాళ్లు ఉంటే, ఆ లెక్కలో తప్పు పట్టలేం.

ముహూర్తాల మాట ఊరికే అనలేదు. ఈ ఏడు తొలి ఏకాదశి, పీర్ల పండగ ఒకే రోజు వచ్చాయి. జులై 6. ఆ రాత్రి పీర్లు మా వీధి గుండా పోతుంటే డప్పులు మోగాయి. కొట్టంలో ఎద్దులు బెదిరి పలుపులు గుంజుకున్నాయి. గుర్రం మాత్రం చెవులు నిక్కబొడిచి, చింతచెట్టు కింద ఉన్నచోటనే ముందు కాళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి దించడం మొదలుపెట్టింది. దెబ్బకు తగ్గట్టుగా. చూసినవాళ్లు ఈలలు వేశారు. మా మామ నవ్వలేదు. "పెండ్లి గుర్రం ఇది. కొట్టి నేర్పింటారు" అన్నాడు. అప్పటికి మూఢం, ఆషాఢం కలిసొచ్చి పెళ్లిళ్లు నిలిచిపోయిన కాలం. ఊరేగింపులు లేవు, బాడుగ లేదు. రోజుకు పది కిలోల గడ్డి దగ్గర్లో, మూడు నాలుగు బిందెల నీళ్లు మాత్రం ఆగవు. ఎవరు వదిలారో నాకు తెలియదు, రుజువూ లేదు. ఏ వృత్తి నుంచి వచ్చిందో మాత్రం ఆ డప్పే చెప్పింది.

కాబట్టి మధ్యలో ఒక మాట, గుర్రాలు బాడుగకిచ్చే అన్నలకు, బ్యాండు మేళాలవాళ్లకు. మీ కష్టం మాకు తెలియంది కాదు. వాన పడకపోతే మేమూ ఎద్దులను సంతకు తోలినవాళ్లమే. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టువలు కలిపి 6.25 లక్షలుంటే 2019 నాటికి 3.42 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో దాదాపు సగం. జట్కాలు పోయాయి, బండ్లు పోయాయి, మిగిలింది మీ పెళ్లి ఊరేగింపే. అది కూడా ఏడాది పొడుగునా ఉండదు. సాకలేకపోతే పశువైద్యశాలకు పోయి ఆ మాట చెప్పండి. రాత్రిపూట తాడు విప్పి వదిలేయకండి. ఈ గుర్రం మీలో ఎవరిదైనా అయితే రండి. పంట నష్టం అడగం, పైపు డబ్బులు అడగం, గడ్డి లెక్క కూడా అడగం. దాని గుర్తులు చెప్పండి చాలు. నేను గుర్తులు రాయకపోవడానికి కారణం అదే. తనది కానివాడు ఈ ఉత్తరం చదువుకుని వచ్చి నాదేనని తోలుకుపోకూడదు.

మళ్లీ అధికారుల దగ్గరికి వస్తాను. మా మరిది కొడుకు లా చదువుతున్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు వాడే ఒక పాత చట్టం ప్రింటు తీసి తెచ్చాడు. 1871లో తెల్లదొరలు చేసిన పశువుల అతిక్రమణ చట్టం. ఊళ్లో అందరికీ తెలిసిన భాషలో చెప్పాలంటే బందెల దొడ్డి చట్టం. అందులో మూడో సెక్షన్‌లోనే ఉంది, పశువులంటే ఆవులు, ఎద్దులు మాత్రమే కావని. ఏనుగులు, ఒంటెలు, గుర్రాలు, గుర్రపు పిల్లలు, కంచరగాడిదలు, గాడిదలు, పందులు, మేకలు కూడా. "ఇది పశువుల కిందికి రాదేమో" అని నాతో అన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం చదవాలి. నూట యాభై ఏళ్ల కిందటి దొరకు తట్టిన సంగతి మనకెందుకు తట్టదు?

పదో సెక్షన్ ప్రకారం చేలో పడి నష్టం చేస్తున్న పశువును రైతు పట్టుకోవచ్చు, 24 గంటల్లోపల బందెల దొడ్డికి పంపాలి. దొడ్డి కాపలాదారు పుస్తకంలో రాసుకోవాలి, పట్టుకొచ్చిన రైతు పేరుతో సహా. ఏడు రోజుల్లో యజమాని రాకపోతే పోలీసులకు తెలియజేయాలి, వాళ్లు పశువు వివరాలతో నోటీసు పెట్టాలి. ఆ తర్వాత ఇంకో ఏడు రోజులకు కూడా ఎవరూ రాకపోతే బహిరంగ వేలం. ఎంత తేలికైన పద్ధతి! పశువును ఎవరు చూడాలి, ఎన్నాళ్లు చూడాలి, తర్వాత ఎవరి సొంతం, అన్నిటికీ జవాబుంది. పదిహేను రోజుల్లో తేలిపోయే పని. మాకు ఆషాఢం పోయి, శ్రావణం పోయి, వినాయక చవితి కూడా అయిపోయింది.

మా ఊరి బందెల దొడ్డి నాకు కోడలిగా వచ్చినప్పటి నుంచి తెలుసు. రాతి గోడ, ఇనుప గేటు, లోపల వేపచెట్టు, నీళ్ల తొట్టి. అప్పట్లో చేలో పడిన మేకలను సుంకరి తోలుకుపోయి అందులో వేస్తే, విడిపించుకోవడానికి పోయిన ఆడవాళ్లు గేటు ముందు పెట్టే గొడవ ఊరంతా వినేది. ఇప్పుడు అందులో చక్రాలు ఊడిన చెత్త రిక్షాలు, పగిలిన వీధి దీపాలు, ఎప్పుడో తెచ్చిన పైపులు ఉన్నాయి. గేటుకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గర ఉందంటే, ఎవరి దగ్గరో ఉందన్నారు. పక్క ఊళ్లలో కొన్ని దొడ్లు ఆక్రమణకు పోయాయి. మనది ఇంకా మిగిలి ఉంది, అది మన అదృష్టమనే అనుకుంటున్నా.

ఒక్కోసారి నవ్వొస్తుంది కూడా. మనం ఉన్నది ఒకప్పటి విజయనగర రాజ్యంలో. సాళువ నరసింహరాయలు ఓడల మీద వచ్చే గుర్రాల కోసం ఎంత తపించాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా బతికున్న దానికిచ్చినంతే సొమ్ము ఇచ్చాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఆ నేల మీద ఇప్పుడు ప్రాణంతో ఉన్న గుర్రాన్ని రాసుకోవడానికి ఒక ఖానా లేదు. మా ఎనుముల చెవులకు 12 అంకెల ట్యాగు ఉంది. ఏ ఎనుము ఎవరిదో ఫోన్‌లో చూసి చెప్పేస్తారు. గుర్రానికి ఆ ట్యాగు లేదు.

"గుర్రంతో మనకేం పని" అని రచ్చకట్ట మీద అన్న పెద్దమనిషికి కూడా ఒక జవాబుంది. మన ఆసుపత్రిలో పాముకాటుకు ఎక్కించే మందు గుర్రం రక్తం నుంచి తీసిందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టే విరుగుడును తీసి శుద్ధి చేస్తారు. శనగ చేలో పాము కరిచి బతికి బయటపడినవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. ఆ పెద్దమనిషి ఇంట్లోనే ఒకరున్నారు. పేరు రాయను.

మీ నుంచి నాకు కావాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ముందుగా స్టేషన్‌లో ఈ గుర్రం సంగతి రాసుకుని, మా చేతికి ఒక రసీదు ఇవ్వండి. ఫలానా తేదీ నుంచి, ఫలానా కుటుంబం దగ్గర, యజమాని తెలియని గుర్రం ఉందని. అంత చాలు, మాకు రాత్రి నిద్ర పడుతుంది. డాక్టర్ గారు ఇచ్చిన పరీక్ష కాగితం దానికి జత చేస్తాం. తర్వాత చట్టంలో ఉన్నట్టే నోటీసు పెట్టండి, చుట్టుపక్కల స్టేషన్లకు, సంతలకు కూడా పంపండి. ఇదంతా ఒక్క రోజు పని.

వేలం విషయంలో మాత్రం నాకు ఒక సందేహముంది, దాచుకోను. ఎక్కువ పాడినవాడికి ఇచ్చేస్తే, వచ్చే ఆషాఢానికి ఇంకో ఊరి చేలో తేలుతుంది. చట్టం వేలం అంటే వేలమే, కాదనడం లేదు. కానీ కొనేవాడి దగ్గర కొట్టం ఉందా, మేత ఉందా అని పశువైద్యాధికారి ముందుగా చూసి రాయడానికి అడ్డమేమిటి? 2001 నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలి. కలెక్టర్ గారూ, మన జిల్లాలో ఆ సంఘం కాగితం మీద ఉంటే దాన్ని ఒక్కసారి కూర్చోబెట్టండి. ఆవులకు గోశాలలున్నట్టు జిల్లాకు ఒక్కచోట గుర్రాలు, గాడిదలు ఉంచే కొట్టం ఉంటే చాలు. ఊరూరా అక్కర్లేదు, ఇవి వచ్చేది ఏడాదికి ఒకటో రెండో. వచ్చినప్పుడు ఎక్కించుకుపోవడానికి బండి ఉండాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ ఊళ్లోనే వైద్యం చేసి పోతుంది, అది నిజంగా మంచి ఏర్పాటు. కానీ జంతువును ఎక్కడికి తీసుకుపోవాలో దానికీ చిరునామా లేదు.

పెళ్లి గుర్రాలకు కూడా ఎనుములకు వేసినట్టే ఒక నంబరు వేయండి. చెవి ట్యాగు గుర్రానికి కుదరదంటారు, మెడలో బియ్యపుగింజంత చిప్ పెట్టొచ్చని డాక్టర్ గారే చెప్పారు. ఊరేగింపుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ నంబరు, గ్లాండర్స్ పరీక్ష కాగితం అడిగితే సరిపోతుంది. డీజేకి అనుమతి అడుగుతున్నారు కదా, గుర్రానికి అడగలేరా? నలభై మంది పిల్లలు దాని చుట్టూ ఎగురుతారు, పెళ్లికొడుకు మెడ మీద చెయ్యి వేసి కూర్చుంటాడు. అది ఏ రోగంతో ఉందో ఎవరికీ తెలియదు.

ఇక బందెల దొడ్డి. అక్టోబర్ 2న గ్రామసభ పెడతారు కదా. అజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి. దొడ్డిలో ఉన్న రిక్షాలు, పైపులు ఎక్కడ పెట్టాలని అడుగుతారని నాకు తెలుసు, అందుకే ముందే చెప్తున్నా: మా కల్లం పక్కన రేకుల కొట్టం ఖాళీగా ఉంది, శనగ నూర్పిళ్లు వచ్చేదాకా అందులో పెట్టుకోండి, అద్దె అక్కర్లేదు. తొట్టి పగుళ్లకు సిమెంటు మా ఆయన వేస్తానన్నాడు. కాపలాకు మనిషిని పెట్టడానికి నిధులు లేవంటే, తాళం చెవి మా మామకు ఇవ్వండి. ఆయన జీతం అడగడు. పుస్తకం మాత్రం కొత్తది కావాలన్నాడు, మొదటి పేజీలో మొదటి వరస ఈ గుర్రానిదే ఉండాలన్నాడు. ఆ రోజు నుంచి ఉలవల ఖర్చు పంచాయతీ లెక్కలో రాయాలన్నాడు.

ఇట్లు,
మీ మండలంలోని ఒక రైతు ఇంటి కోడలు